చెడగొట్టిన మరమ్మతు నుంచి పాత క్యారవాన్‌ను బయటపడేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండలో మా ఇంటి ముందు ఏపీ 24 నంబరుతో 2007 నాటి టెంపో ట్రావెలర్ ఒకటి ఉంటుంది. లోపల రెండు పడకలు, చిన్న వంటగట్టు, నీళ్ళ ట్యాంకు. కాలనీ పిల్లలకు అది ‘ఇల్లు బండి’. పైకప్పు కారుతోందని ఒక షెడ్డులో ఇచ్చాను. మూడు వారాల తర్వాత బండి తిరిగి వచ్చింది. కారడం ఆగలేదు సరికదా, అంతకు ముందు బాగా పనిచేసిన ఇన్వర్టరు కూడా మూగబోయింది. అది మళ్ళీ దారిన పడడానికి పద్నాలుగు నెలలు పట్టింది. అప్పటి నుంచి దేవరకొండ మొదలు గద్వాల దాకా పాత క్యారవాన్లు, లోపల మార్పించుకున్న మినీ బస్సులు ఉన్నవారు ఫోను చేసి అడుగుతున్న ప్రశ్నలే ఇవి.

పని చెడిందని బండి ఇంటికి తెచ్చాక తెలిసింది. ముందు ఏం చేయాలి?

ఏమీ విప్పకండి. కోపంలో అదే సాయంత్రం ఇంకో మేస్త్రిని పిలిచి అంతా పీకించేస్తే, మొదటివాడు ఏం చేశాడో చూపించే సాక్ష్యం చెత్తకుప్పలోకి పోతుంది. నేను సగం పీకించాక ఈ సంగతి తెలుసుకున్నాను.

రెండు పనులు మాత్రం వెంటనే చేయండి. గ్యాసు సిలిండరు బండిలోంచి దింపండి. లోపలి వాడకానికి ఉన్న బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీయండి. తర్వాత పగటి వెలుతురులో ఫోటోలు, వీడియోలు తీయండి. అతుకులు, స్క్రూలు, వైర్ల జాయింట్లు దగ్గరగా తీయండి, పక్కన ఒక స్కేలు పెడితే ఇంకా మంచిది. బిల్లు, ఫోన్‌పే చెల్లింపుల వివరాలు, వాట్సాప్ మాటలు, వాయిస్ మెసేజీలు అన్నీ ఒకచోట చేర్చండి. తెల్ల కాగితం మీద రాసిచ్చిన చీటీ ఉన్నా పారేయకండి, దానికీ విలువ ఉంది. మార్చిన పాత సామాను షెడ్డులోనే ఉంటే అడిగి తెచ్చుకోండి. అది తుక్కు వ్యాపారి దగ్గరకు చేరడానికి ముందే వెళ్ళండి.

అదే షెడ్డుకు మళ్ళీ ఇవ్వడం మంచిదేనా?

ఒక్క అవకాశం ఇవ్వాలనే నా అభిప్రాయం. రేపు వ్యవహారం నోటీసుల దాకా పోతే ‘సరిచేయమని అడిగాను, చేయలేదు’ అన్నది మీ పక్షాన నిలబడుతుంది. అయితే ఆ అడగడం వాట్సాప్‌లోనో కాగితం మీదో ఉండాలి, గడువు తేదీతో సహా.

కానీ తప్పు అజాగ్రత్త వల్ల జరిగిందా, తెలియక జరిగిందా అన్నది ముందు తేల్చుకోండి. అజాగ్రత్త అయితే అతనే సరిచేయగలడు. తెలియక జరిగితే రెండోసారీ అదే చేస్తాడు. నేను అడిగింది ఒక్కటే: “ఉస్తాద్, నీళ్ళు ఎక్కడి నుంచి దిగుతున్నాయో కనిపించిందా?” ఆయన సమాధానం: “కనిపించేది ఏముంది సార్, మొత్తం పూసేశాం కదా.” ఆ మాట విన్నాక తాళాలు తీసుకుని వచ్చేశాను.

మా జిల్లాలో క్యారవాన్ మెకానిక్ అంటూ ఎవరూ లేరు. ఎవరిని పట్టుకోవాలి?

ఆ పేరుతో బోర్డు ఎక్కడా కనిపించదు, వెతక్కండి. క్యారవాన్ అంటే ఒక బండి, ఒక ఇల్లు, ఒక చిన్న కరెంటు ఆఫీసు కలిసిన వస్తువు. అన్నీ ఒక్కడి చేతికే ఇవ్వడం వల్లనే చాలా బండ్లు చెడతాయి. అన్నీ వచ్చని చెప్పేవాడికి ఒకటి నిజంగానే వచ్చి ఉంటుంది, మిగతావి మన బండి మీద నేర్చుకుంటాడు.

కాబట్టి పని పంచండి. ఇంజను, క్లచ్, బ్రేకులు ఆ చాసిస్ తయారు చేసిన కంపెనీ సర్వీసుకో, అదే మోడలు బండ్లు ఏళ్ళ తరబడి చూసిన డీజిల్ మెకానిక్‌కో ఇవ్వాలి. స్కూలు బస్సులు, పెళ్ళి ట్రావెలర్లు నడిపే డ్రైవర్లను అడిగితే ఆయన ఎవరో చెబుతారు. పైకప్పు, రేకు, ఫ్రేము బస్సు బాడీ కట్టేవారి పని. నల్గొండ వారికి హైదరాబాద్ శివారున వనస్థలిపురం వైపు ఉన్న ఆటోనగర్ దారిలోనే తగులుతుంది. కోదాడ, సూర్యాపేట వారికి విజయవాడ ఆటోనగర్ కూడా అందుబాటులోదే. మహబూబ్‌నగర్ వారు జడ్చర్ల మీదుగా 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని హైదరాబాద్ వైపు రావడమే సులువు.

12 వోల్టుల వైరింగుకు నాకు దొరికిన మంచి మనిషి ఆటో ఎలక్ట్రీషియన్ కాదు, పొలాల్లో సోలార్ పంపులు బిగించే కుర్రవాడు. డీసీ కరెంటు అతనికి రోజువారీ పని. చెక్కపనికి మామూలు వడ్రంగి చాలు, కొలతలు మీరు దగ్గరుండి ఇప్పించాలి. ఈ పనులన్నిటి వరుస చూసుకునే మేస్త్రి మాత్రం మీరే, అది ఇంకెవరికీ అప్పగించలేరు.

పైకప్పుకు మూడుసార్లు సీలెంటు పూయించాం. ఇంకా ఎందుకు కారుతోంది?

పూయించారు కాబట్టే. నాకు వచ్చే ఫోన్లలో సగం దీని గురించే, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

నీరు లోపల పడే చోటు, పైన దిగే చోటు ఒకటి కావు. మా బండిలో చుక్కలు పడేది పడక తలవైపు. షెడ్డువారు సరిగ్గా దాని పైన పూశారు. అసలు నీరు దిగేది నాలుగడుగుల ముందున్న గాలి కిటికీ అంచు నుంచి. అక్కడి నుంచి ఇనుప దూలం వెంట పాకి, దూలం వంగిన చోట కింద పడుతోంది. విప్పితే నాలుగు పొరలు బయటపడ్డాయి. అడుగున ఎండిపోయిన పాత సీలెంటు, దాని మీద తెల్ల సిలికాన్, ఆ పైన ఎంసీల్, అన్నిటి మీద తారు షీటు. కింది ప్లైవుడ్‌ను స్క్రూడ్రైవర్ మొనతో తాకితే నానబెట్టిన అటుకుల్లా లోపలికి దిగిపోయింది.

సిలికాన్ జిడ్డు మీద ఏదీ సరిగా అతకదు, కొత్త సిలికాన్ కూడా. ఎంసీల్ ఆరాక రాయిలా గట్టిపడుతుంది. బండి గతుకుల్లో వెళ్ళేటప్పుడు పైకప్పు కాస్త అటూ ఇటూ కదులుతుంది, రాయి కదలదు, అంచున వెంట్రుకంత పగులు వస్తుంది. ఆ పగులు నుంచి దిగిన నీటికి పైన తారు షీటు మూత. ఇక ఆవిరై పోయే దారి కూడా లేదు.

నీరు దిగే చోటు కనిపెట్టడానికి యంత్రాలు అక్కర్లేదు. లోపల ఒకరు టార్చితో కూర్చోవాలి. బయట ఒకరు తోట పైపుతో, ధార పెట్టకుండా, వానలా పారించాలి. మొదట కిటికీల కింది భాగం, తర్వాత గోడ, చివరికి పైకప్పు, ఒక్కో చోట పది నిమిషాలు. పైనుంచి మొదలుపెడితే నీరంతా కిందికి జారి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. కార్లు కడిగే ప్రెషర్ గన్ వాడకండి, మంచి అతుకులోకి కూడా నీరు ఎక్కిస్తుంది.

చోటు తెలిశాక పాత పొరలన్నీ గీకి తీయాలి. ఈ పనికి మేస్త్రులు పెదవి విరుస్తారు, ఎందుకంటే రోజంతా గీకినా కంటికి ఆనదు. కూలి విడిగా ఒప్పుకోండి. గీకాక స్పిరిట్‌తో తుడిచి, కిటికీ చట్రం కింద బ్యూటైల్ టేపు (మెత్తగా అంటుకునే రబ్బరు టేపు) పరిచి, స్క్రూలు బిగించి, ఆ పైన సాగే గుణమున్న పీయూ (పాలీయురెథేన్) సీలెంటు వేయాలి. అంతకంటే ముందు చెక్క ఎండాలి. ఇక్కడ మన ఎండలే మనకు మేలు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో లోపలి కప్పు తెరిచి వదిలేస్తే ఏ హీటరూ అక్కర్లేదు. మృగశిర వచ్చేలోపు పైకప్పు మూసేయాలి. కొత్తగా వేసే ప్లైవుడ్ షీటు మీద ఐఎస్ 710 ముద్ర చూసుకోండి, నీటిని తట్టుకునే మెరైన్ రకానికి వేసేది అదే. ‘అదీ ఇదీ ఒకటే సార్’ అనే దుకాణంలో కొనకండి.

లైట్లు వెలుగుతున్నాయి కానీ మిక్సీ వేయగానే ఇన్వర్టరు కూత పెట్టి ఆగిపోతోంది. బ్యాటరీ పోయినట్లేనా?

కొత్త బ్యాటరీ కొనే ముందు వైరు మందం చూడండి. మా బండికి ఇంటి గోడల్లో వేసే 2.5 చదరపు మి.మీ. వైరు వేశారు. 360 వాట్ల మిక్సీ ఇంట్లో 230 వోల్టుల మీద తీసుకునేది ఒకటిన్నర ఆంపియర్లు. అదే మిక్సీకి 12 వోల్టుల బ్యాటరీ 30 ఆంపియర్లు ఇవ్వాలి. బ్యాటరీ నుంచి ఇన్వర్టరుకు పోను రాను 8 మీటర్లు ఉంటే, ఆ వైరులోనే 1.6 వోల్టులు కరిగిపోతాయి. 12.4 ఉన్న బ్యాటరీ అవతలి కొసకు 10.8గా చేరుతుంది, బ్యాటరీ అయిపోయిందనుకుని ఇన్వర్టరు ఆగిపోతుంది. వైరు మాత్రం వేడెక్కుతుంది. ప్లైవుడ్ వెనక వేడెక్కే వైరు గురించి నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇన్వర్టరును బ్యాటరీ పక్కకు జరిపి, మందపాటి వైరు వేస్తే సగం రోగం కుదురుతుంది. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ దగ్గరే ఉండాలి, అవతలి కొసన ఉంటే మధ్యలో వైరు రాసుకున్నప్పుడు కాపాడదు. షెడ్డువారు గోడకు కొట్టిన కొత్త స్క్రూలన్నీ ఒక్కొక్కటిగా తీసి చూడండి. మా దాంట్లో ఒక స్క్రూ మొన వైరు తొడుగును చీల్చి రాగిని తాకుతూ ఉంది.

దాబాల దగ్గర ప్లగ్గు పెట్టుకునేవారు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పకుండా వేయించండి. బండి బాడీ మొత్తం ఇనుమే, మీరు నిలబడేది తడి నేల మీద.

గ్యాసు పైపు వారు కదిలించారు. వాడవచ్చా?

సబ్బు నురగ పెట్టి ప్రతి జాయింటూ చూసేదాకా వద్దు. వంటగ్యాసు గాలికంటే బరువైనది, కారితే నేల మీద చేరుతుంది. అందుకే సిలిండరు పెట్టే గూటికి అడుగున, బండి బయటికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. చాలా షెడ్లు దుమ్ము వస్తోందని దాన్ని రేకుతో మూసేస్తాయి. మీది మూసి ఉంటే ఇవాళే తెరవండి. రబ్బరు పైపు మీద తేదీ ఉంటుంది, అయిదేళ్ళు దాటితే మార్చాలి. గ్యాసు వాసన వస్తే పిలవాల్సిన నంబరు 1906. ఆ ఫోను కూడా బండి దిగి దూరం వెళ్ళాకే చేయండి.

నీళ్ళ పంపు మార్చారు, అయినా సన్నగా వస్తోంది.

పంపు తప్పు కాకపోవచ్చు. మన బోరు నీటి ఉప్పు గీజరులో, కుళాయి జాలీలో గారలా పేరుకుంటుంది. నిమ్మ ఉప్పు కలిపిన నీటిని రాత్రంతా ఉంచి కడిగితే చాలావరకు దిగుతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు వెళ్ళినప్పుడు బోరు నీటితో ట్యాంకు నింపి తాగడానికి వాడకండి. ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. తాగే నీరు విడిగా క్యానుల్లో పెట్టుకోండి.

తుప్పు తీసి వెల్డింగు చేశామన్నారు. నిజంగా చేశారో లేదో ఎలా తెలుస్తుంది?

ఫ్రిజ్ మీద బొమ్మలకు ఉండే చిన్న అయస్కాంతం పట్టుకుని తిరగండి. రేకు ఉన్న చోట అంటుకుంటుంది. పుట్టీ దట్టంగా మెత్తి రంగు కొట్టిన చోట జారిపోతుంది. మెట్టు దగ్గర, చక్రాల గూళ్ళ లోపల, పైకప్పు అంచు కింద ముఖ్యంగా చూడండి.

చాసిస్ పొడవు దూలాల పై అంచుకూ కింది అంచుకూ ఎవరైనా వెల్డింగు చేసినా, రంధ్రం వేసినా అది చిన్న విషయం కాదు. బరువంతా మోసేది ఆ అంచులే, చీలిక అక్కడే మొదలవుతుంది. బాడీ కట్టే పెద్ద మేస్త్రికి చూపించేదాకా బండి నడపకండి. వెల్డింగు జరిగేటప్పుడు బ్యాటరీ తీగలు ఊడదీశారా అని కూడా అడగండి. తీయకపోతే బ్యాటరీని ఛార్జి చేసే డైనమోలోని డయోడ్లు దెబ్బతినే అవకాశం ఉంది. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద దాదాపు 13.8 నుంచి 14.4 వోల్టులు కనిపిస్తే అది క్షేమమే.

మరమ్మతు తర్వాత బండి ఒక పక్కకు ఒరుగుతోంది. కమాన్ పట్టీలు మార్చాలా?

ముందు తూకం వేయించండి. మిర్యాలగూడలో రైస్ మిల్లులకు కొదవ లేదు, కాంటాలకూ కొదవ లేదు. ధాన్యం సీజను కాని రోజుల్లో వెళితే పెద్దగా ఆగే పని ఉండదు. ట్యాంకు నింపి, సామాను సర్ది, మొదట మొత్తం బండి, తర్వాత ముందు చక్రాలు మాత్రమే, తర్వాత వెనకవి మాత్రమే ఎక్కించి మూడు చీటీలు తీసుకోండి. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువుతో పోల్చండి. మా పైకప్పుకు ‘గట్టిగా ఉంటుంది’ అని మందపాటి ఇనుప రేకు వేసి తొంభై కిలోలు పెంచారని కాంటా మీదే తెలిసింది. ఒక పక్కన 200 లీటర్ల ట్యాంకు ఉంటే అటు 200 కిలోలు ఉన్నట్లే. పట్టీలు మార్చినా ఆ ఒరుగు పోదు.

కొత్త మేస్త్రితో ఒప్పందం ఎలా చేసుకోవాలి?

మొత్తం బండికి ఇంత అని మాట్లాడకండి. విప్పడానికి ఒక ధర, విప్పి చూశాక మిగతాది. మొదటి షెడ్డుకు నేను 68 వేలు ఇచ్చాను. రెండోసారి విప్పడానికి, ఎండబెట్టడానికి, మళ్ళీ కట్టడానికి లక్షా 12 వేలు అయింది. అందులో దాదాపు మూడో వంతు మొదటివారి పని ఊడదీయడానికే పోయింది. ఏ రోజు ఏ పొర మూస్తారో ముందు రోజు ఫోను చేయమనండి, మీరు చూడకుండా ఏదీ మూయకూడదు. సగం సొమ్ము పైపుతో చేసే వాన పరీక్ష అయ్యేదాకా చేతిలో ఉంచుకోండి. మంచి మేస్త్రి దీనికి నొచ్చుకోడు. మా రెండో మేస్త్రి అయితే పైపు తానే పట్టుకుని నన్ను లోపల కూర్చోబెట్టాడు.

బిల్లు మొత్తం కడితేనే బండి ఇస్తామని షెడ్డువారు ఆపేశారు. ఆపవచ్చా?

చేసిన పనికి కూలి ముట్టేదాకా వస్తువు ఆపుకునే హక్కు 1872 కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఇస్తుంది. కానీ అది ఒప్పుకున్న ప్రకారం చేసిన పనికి. గొడవకు దిగితే బండి ఎండలో ఇంకో రెండు నెలలు ఉంటుంది, అంతే. ‘పని సరిగా లేదని అభ్యంతరం తెలుపుతూ చెల్లిస్తున్నాను’ అని బిల్లు మీద రాసి, ఫోటో తీసి, డబ్బు కట్టి బండి తెచ్చుకోవడం మేలు. మిగిలినది తర్వాత తేల్చుకోవచ్చు.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్ళడం వల్ల ఉపయోగం ఉందా?

ఉంది. డబ్బు తీసుకుని చేసిన మరమ్మతు సేవ కిందికే వస్తుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, షెడ్డు ఏ ఊళ్ళో ఉన్నా సరే. కమిషన్లు నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ఉన్నాయి. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపయితే ఫీజు లేదు. సమస్య మొదలైన రెండేళ్ళలోగా వేయాలి. ముందుగా 1915 హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, కొన్ని వ్యవహారాలు అక్కడే తేలిపోతాయి. చట్టం మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే అయిదు నెలల్లో తేల్చాలంటుంది. వాయిదాలకు ఆ సంగతి తెలిసినట్లు కనిపించదు.

బండిని అద్దెకు తిప్పుతుంటే అవతలి వకీలు ‘ఇది వ్యాపారం, వినియోగదారు కాదు’ అని మొదలుపెడతాడు. సొంత జీవనోపాధి కోసం స్వయంగా నడిపేవారికి చట్టంలో మినహాయింపు ఉంది, ఆ ఆధారాలు సిద్ధం చేసుకోండి. వకీలు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, నంబరు 15100. మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత సహాయం ఉంది.

మా వ్యవహారం వకీలు నోటీసు దగ్గరే ముగిసింది, 40 వేలు తిరిగి వచ్చాయి. మిగతా 28 వేల కోసం పోరాడాలా అని రెండు రోజులు ఆలోచించాను. నా ఓపిక అంతకంటే ఖరీదైనదని తేలింది.

ఇన్సూరెన్సు వస్తుందా?

పని బాగా చేయనందుకు, అరుగుదలకు రాదు.

మరమ్మతులో బండి ఆకారం కొంచెం మారింది. ఆర్టీఏ వారు ఒప్పుకుంటారా?

ఆ ‘కొంచెం’ ఎంతో చూడాలి. కుళ్ళిన రేకు తీసి అలాంటిదే వేస్తే మరమ్మతు. పైకప్పు ఎత్తు పెంచినా, వెనక పొడిగించినా అది మార్పు, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. జరిమానా మార్పుకు 5 వేలు, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండవచ్చు. అది పడేది షెడ్డు మీద కాదు, యజమాని మీద. సొంత బండ్లకు 15 ఏళ్ళు నిండాక ప్రతి అయిదేళ్ళకూ రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలి కాబట్టి, తనిఖీ రోజు అంతా బయటపడుతుంది.

ఇంత కష్టం ఎందుకు, అమ్మేయడం మంచిది కాదా?

చాసిస్ అంచులు పగిలి ఉంటే అమ్మేయండి, అదీ కొనేవారికి చూపించి. పైకప్పు, చెక్క, వైర్లే అయితే ఉంచుకోండి.

అంతా అయ్యాక మొదటి ప్రయాణం ఎక్కడికి పెట్టుకోవాలి?

శ్రీశైలం వద్దు. మన్ననూరు దాటాక అడవిలో మెకానిక్ దొరకడు, గేటు రాత్రి మూసేస్తారు, ఈగలపెంట తర్వాత డ్యాం దాకా దిగే ఘాట్‌లో కొత్తగా కట్టిన బ్రేకులను పరీక్షించడం తెలివైన పని కాదు. నల్గొండ నుంచి అయితే నాగార్జునసాగర్, మహబూబ్‌నగర్ నుంచి అయితే కోయిల్‌సాగర్ చాలు. జాతీయ రహదారి మీద ఆగిపోతే 1033కు ఫోను చేయండి.

సాగర్ దారిలో మేము హాలియాలో ఆగుతాం. టీ చెప్పి, నాలుగు చక్రాల హబ్బుల దగ్గరకూ చేయి తీసుకెళ్ళి చూస్తాను. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి మాత్రం సెగ కొడితే, అక్కడ బ్రేకు పట్టేసిందో బేరింగు ఎండిపోయిందో అన్నమాట. మొదటిసారి ఎడమ వెనక చక్రం అలాగే సెగ కొట్టింది. టీ తాగి, నెమ్మదిగా ఇంటికి తిప్పేశాం.